అమ్మ కొలనోస్కోపీకి ప్రొపోఫాల్ ఇస్తామంటున్నారు. ఈ మత్తు ఇంజెక్షన్ ఎంతవరకు సురక్షితం?

నాగోల్_పద్మజ (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 64 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, మాత్రలతో అదుపులోనే ఉన్నాయి. కొంతకాలంగా మలంలో రక్తం పడుతోందని డాక్టర్ కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) రాశారు. వచ్చే సోమవారం ఉదయం చేస్తారు. నొప్పి తెలియకుండా మత్తు ఇస్తామని చెప్పి కన్సెంట్ ఫారం చేతికిచ్చారు. అందులో ప్రొపోఫాల్ అని రాసి ఉంది. ఇంటికొచ్చి ఆ పేరు ఫోన్‌లో వెతికితే మొదట వచ్చింది మైకేల్ జాక్సన్ మరణం గురించిన వార్త. అమ్మ పక్కనే కూర్చుని అంతా చదివింది. అప్పటి నుంచి "నొప్పయినా ఓర్చుకుంటా కానీ ఆ సూది నాకొద్దు" అని పట్టుబట్టి కూర్చుంది.

నాకూ టెన్షన్‌గానే ఉంది. అమ్మకు గురక బాగా ఎక్కువ. చిన్నప్పటి నుంచి గుడ్డు పడదు, తింటే దద్దుర్లు వస్తాయి. ఈ మందులో గుడ్డు కలుస్తుందని ఎక్కడో చదివాను. నిజమేనా? మత్తు లేకుండా ఈ పరీక్ష చేయించుకోవచ్చా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఉప్పల్_శ్రీను (సోమవారం, రాత్రి 9:40)

అక్కా, నాకు పోయినేడాది ఇదే పరీక్ష ఇదే మందుతో చేశారు. చేతికి క్యాన్యులా పెట్టారు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. సిరంజిలో మందు తెల్లగా పాలలా ఉంది. ఎక్కిస్తుంటే మోచేయి దాకా చుర్రుమని మండింది, అది మాత్రం ముందే చెబుతున్నా. మత్తు డాక్టర్ మాట్లాడిస్తూనే ఉన్నారు, నేను జవాబు చెబుతూనే ఉన్నాను. తర్వాత తెలిసింది రికవరీ గదిలో నర్సు పేరు పెట్టి పిలవడమే. మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తు లేదు. వాంతి కూడా రాలేదు. అంతకుముందు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు గ్యాస్ మత్తుతో రోజంతా కక్కుకున్నాను, దాంతో పోలిస్తే ఇది చాలా హాయి. అమ్మగారికి ధైర్యం చెప్పండి.

టోలిచౌకి_ఇమ్రాన్ (సోమవారం, రాత్రి 10:05)

శ్రీను అన్న అనుభవం మంచిదే. కానీ మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాలి. మా బావమరిది ఒక చిన్న క్లినిక్‌లో అందానికి సంబంధించిన ప్రొసీజర్ చేయించుకున్నాడు. పేరు చెప్పను. ప్రొసీజర్ చేస్తున్న డాక్టరే మత్తు సూది కూడా ఇచ్చాడు. పక్కన ఒక హెల్పర్ తప్ప ఎవరూ లేరు. కాసేపటికి పెదాలు నీలంగా మారాయి. ఊపిరి సరిగా ఆడటం లేదని వాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైంది. అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే బతికాడు. ఐసీయూలో ఉండి వచ్చాడు. ఇచ్చింది ఇదే మందు అని డిశ్చార్జి కాగితాల్లో ఉంది. అప్పటి నుంచి ఆ పేరు వింటేనే మా అక్కకు వణుకు. ఒకరికి హాయిగా ఉన్న మందు ఇంకొకరికి ప్రాణం మీదకు ఎందుకు వచ్చింది? ఎవరైనా డాక్టర్ ఉంటే చెప్పాలి.

మత్తుడాక్టర్_తార్నాక (సోమవారం, రాత్రి 11:20)

నేను మత్తు డాక్టర్ని. ఈ మందును దాదాపు రోజూ వాడతాను. పద్మజ గారూ, ఇమ్రాన్ గారూ, మీ ఇద్దరి ప్రశ్నలకూ జవాబు ఒకటే చోట ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రొపోఫాల్ నరంలోకి వెళ్లిన అర నిమిషంలో, మహా అయితే ముప్పావు నిమిషంలో మనిషి నిద్రలోకి జారిపోతాడు. మెదడులో నరాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే వ్యవస్థ ఒకటి ఉంది. ఈ మందు దాని పనిని పెంచుతుంది. ఒక్క మోతాదు ఇచ్చి ఆపేస్తే 5 నుంచి 10 నిమిషాల్లో మెలకువ వస్తుంది. మందు అంత తొందరగా ఒంట్లోంచి పోయిందని కాదు. మెదడులోంచి కండరాల్లోకి, కొవ్వులోకి సర్దుకుంటుంది, ఆ తర్వాత కాలేయం నెమ్మదిగా దాన్ని విరిచేస్తుంది. అందుకే మెలకువ వచ్చాక కూడా ఆ రోజంతా బండి నడపొద్దు అంటాం.

ఇక దీని ఇబ్బందులు. ఇది బీపీని తగ్గిస్తుంది, ఊపిరిని మందగింపజేస్తుంది. మోతాదు కాస్త ఎక్కువైనా, వేగంగా ఎక్కించినా కాసేపు ఊపిరి పూర్తిగా ఆగిపోవచ్చు. తేలికపాటి మగతకూ పూర్తి మత్తుకూ మధ్య ఈ మందుతో ఉన్న గీత చాలా సన్నం. ఒకే మోతాదుకు ఒకరు కళ్లు మూసుకుని పిలిస్తే పలుకుతారు, ఇంకొకరు గట్టిగా తట్టినా పలకరు. పెద్ద వయసువాళ్లకు తక్కువ మందే సరిపోతుంది. ఇంకో ముఖ్య విషయం, దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. మగత తెప్పించే మిడజోలామ్ ఎక్కువైతే ఫ్లూమజెనిల్ ఉంది, నొప్పి తగ్గించే ఫెంటనిల్ ఎక్కువైతే నాలోక్సోన్ ఉంది. ప్రొపోఫాల్‌కు అలాంటిదేమీ లేదు. మందు ప్రభావం తగ్గేదాకా మనిషికి ఊపిరి అందించే చేయి అక్కడ ఉండాలి. దవడ ఎత్తి పట్టడం, మాస్కు పెట్టి అంబు బ్యాగ్‌తో గాలి పంపడం, అవసరమైతే శ్వాసనాళంలోకి గొట్టం వేయడం. ఇవి చేతనైనవాళ్లు పక్కనుంటే ఊపిరి ఆగడం రెండు మూడు నిమిషాల పని. లేకపోతే ప్రాణాపాయం.

అమెరికాలో ఈ మందు లేబుల్ మీదే రాసి ఉంటుంది. మత్తు ఇవ్వడంలో శిక్షణ ఉన్నవాళ్లే దీన్ని ఇవ్వాలి, ఆ మనిషి సర్జరీనో పరీక్షనో చేస్తున్న మనిషి కాకూడదు అని. ఇమ్రాన్ గారి బావమరిది విషయంలో తప్పిపోయింది అదే. చేతులు, కళ్లు ప్రొసీజర్ మీద ఉన్న డాక్టర్ రోగి ఊపిరిని ఎలా గమనిస్తాడు?

మైకేల్ జాక్సన్ సంగతి కూడా అంతే. 2009 జూన్ 25న ఆయన చనిపోయింది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో పడకగదిలో. ఆపరేషన్ ఏదీ లేదు, నిద్ర కోసం ఇచ్చారు. దానితోపాటు ఇతర మత్తు మందులు కూడా ఒంట్లో ఉన్నాయి. సరైన మానిటర్లు లేవు, నిరంతరం కనిపెట్టుకుని ఉన్న మనిషి లేడు. ఆ మందు ఇచ్చిన డాక్టర్‌ను 2011లో కోర్టు దోషిగా తేల్చింది. అమ్మగారికి ఈ తేడా వివరించి చెప్పండి.

గుడ్డు విషయం. మందులో వాడేది గుడ్డు పచ్చసొన నుంచి తీసిన లెసిథిన్. గుడ్డు పడనివాళ్లలో ఎక్కువమందికి పడనిది తెల్లసొనలోని ప్రోటీన్లు. గుడ్డు ఎలర్జీ ఉన్నంత మాత్రాన ఈ మందు మానాల్సిన పనిలేదని అమెరికా ఎలర్జీ నిపుణుల సంఘం కూడా చెబుతోంది. అయినా మీ మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

నాకు గుడ్డు కంటే గురక ముఖ్యం. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా, పగలు కూర్చున్నచోటే కునికిపాట్లు పడతారా అన్నది గమనించి చెప్పండి. అలాంటివాళ్లకు మత్తులో గొంతు దారి తొందరగా మూసుకుపోతుంది. ముందే తెలిస్తే మేం తగ్గట్టు సిద్ధంగా ఉంటాం.

మత్తు లేకుండా చేయించుకోవచ్చు, చాలా దేశాల్లో అలా చేసేవాళ్లు ఉన్నారు. మిడజోలామ్ లాంటి తేలిక మందుతోనూ చేస్తారు. అది అమ్మగారి ఇష్టం. పరీక్ష మాత్రం మానొద్దు. మలంలో రక్తానికి కారణం తెలుసుకోవడం ఈ వయసులో చాలా అవసరం.

నాగోల్_పద్మజ (మంగళవారం, ఉదయం 7:30)

డాక్టర్ గారూ, చాలా చాలా థ్యాంక్స్. మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. తేలిక పడింది కానీ ఒక ప్రశ్న అడగమంది. ఊపిరి ఆగినట్టు వాళ్లకు ఎలా తెలుస్తుంది? వేలికి పెట్టే క్లిప్పు చెబుతుందా? కోవిడ్ అప్పుడు కొన్నది మా ఇంట్లో ఉంది, అదేనా?

మత్తుపీజీ (మంగళవారం, మధ్యాహ్నం 2:15)

నేను అనస్తీషియాలో పీజీ చేస్తున్నాను. ఈ ప్రశ్న అమ్మగారు అడిగారంటే నిజంగా సంతోషంగా ఉంది, ఎందుకంటే మాకు మొదటి రోజుల్లోనే గట్టిగా నేర్పించే విషయం ఇది.

వేలి క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. ఊపిరి ఆడుతోందా లేదా అన్నది చెప్పదు. రెండూ ఒకటే అనిపిస్తుంది, కానీ కాదు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టిన మనిషి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ ఉంటుంది. అప్పుడు ఊపిరి పూర్తిగా ఆగినా నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు మీటరు 99, 98 అనే చూపిస్తుంది. అది 90కి పడిపోయాక ఇక జారడం చాలా వేగంగా ఉంటుంది. లావుగా ఉన్నవాళ్లలో ఇంకా వేగం. అంటే అంకె తగ్గడం మొదలయ్యేసరికి మనకున్న వ్యవధి చాలావరకు అయిపోయినట్టే.

అందుకే కాప్నోగ్రఫీ అని ఇంకో మానిటర్ ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టిన సన్నని గొట్టం బయటికి వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తుంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ తెరమీద ఒక అల లేస్తుంది. ఊపిరి ఆగిన మరుక్షణం గీత చదునైపోతుంది. వేలి క్లిప్పు ఇంకా 99 చూపిస్తుండగానే దవడ ఎత్తి దారి తెరిచే సమయం దొరుకుతుంది. దాంతోపాటు ఛాతీ లేవడం కంటితో చూడటం, గొంతు దగ్గర శబ్దం వినడం ఎప్పుడూ ఉంటాయి.

మీరు ఆసుపత్రిలో ఒక్క ప్రశ్న అడిగే అవకాశం ఉంటే ఇది అడగండి: "మత్తు ఇచ్చి, పరీక్ష అయ్యేదాకా మా అమ్మ ఊపిరిని మాత్రమే చూసుకునే మనిషి ఎవరు?"

కోఠీ_పాతకథలు (మంగళవారం, రాత్రి 8:50)

పీజీ గారు ఊపిరి గురించి రాసింది చదివాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. మత్తులో ఉన్న మనిషి ఊపిరిని చూడాలా నాడిని చూడాలా అన్న గొడవ ప్రపంచమంతా నడిచిన రోజుల్లో, దాన్ని తేల్చడానికి పరిశోధన జరిగింది మన హైదరాబాద్‌లోనే.

అప్పట్లో మత్తు అంటే క్లోరోఫామ్. టేబుల్ మీదే మనుషులు హఠాత్తుగా చనిపోయేవాళ్లు, గుండె ముందు ఆగుతోందా ఊపిరి ముందు ఆగుతోందా అన్నది తేలలేదు. ఇక్కడి బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్ ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక కమిషన్ వేయించి జంతువుల మీద ప్రయోగాలు చేశారు. ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు. లండన్‌లో 'లాన్సెట్' పత్రిక దాన్ని ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుల కోసం 1000 పౌండ్లు ఇచ్చి, మీరే ఒక నిపుణుణ్ణి పంపండి, మళ్లీ పరీక్షిద్దాం అన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ లండన్ నుంచి ఇక్కడికి వచ్చారు. రెండో కమిషన్ కూడా ఊపిరినే గమనించండి అని చెప్పింది.

ఆ కాలంలోనే ఇక్కడ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్ ఇవ్వడంలో పేరు తెచ్చుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదువుకుని వచ్చారు. ఆమె పనిచేసిన సుల్తాన్ బజార్ ఆసుపత్రి ముందు నుంచి రోజూ వెళ్లే మనలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? ఆ మాట తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

మత్తుడాక్టర్_తార్నాక (మంగళవారం, రాత్రి 10:30)

కోఠీ గారూ, ఎంతో మంచి విషయం గుర్తు చేశారు. రూపాబాయి గారి గురించి మా పీజీ పిల్లలకు నేనూ చెబుతుంటాను.

ఒక్కటి చేర్చాలి. లారీ మాటలో సగమే నిజం. గుండెను చూడక్కర్లేదు అనుకోవడం పొరపాటని తర్వాత తేలింది. మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫామ్ గుండె లయను హఠాత్తుగా చెడగొట్టి ఆపేయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే పరిశోధకుడు చూపించాడు. ఇప్పుడు మేం ఊపిరి, ఆక్సిజన్, ఈసీజీ, బీపీ అన్నీ చూస్తున్నామంటే ఆ వాదన రెండు వైపులా గెలిచినట్టే. ప్రొపోఫాల్‌తో కూడా బీపీ పడిపోవడాన్ని తక్కువగా చూడకూడదు. కొలనోస్కోపీకి ముందు రోజంతా విరేచనాలయ్యి ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లలో ఇంకా జాగ్రత్తపడతాం. సెలైన్ ఎక్కించి, మందును కొద్దికొద్దిగా ఇస్తూ వెళ్తాం.

జీడిమెట్ల_ఫార్మా (బుధవారం, ఉదయం 6:50)

ఇంజెక్షన్ల తయారీలో పనిచేస్తాను, నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను.

ఈ మందును కనుక్కున్న జాన్ గ్లెన్ పశువైద్యం చదివిన మనిషి. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీలో పనిచేస్తూ 1973లో ఈ రసాయనం మత్తుకు పనికొస్తుందని గుర్తించాడు. చిక్కేమిటంటే ఇది నీళ్లలో కరగదు. మొదట క్రెమోఫోర్ అనే ద్రావకంలో కలిపి 1977లో మనుషుల మీద పరీక్షిస్తే కొందరికి తీవ్రమైన ఎలర్జీ రియాక్షన్లు వచ్చాయి. మందు అక్కడితో అటకెక్కాల్సిందే. ఏళ్ల తరబడి పట్టుబట్టి సోయా నూనె, గుడ్డు లెసిథిన్, గ్లిజరాల్‌తో ఎమల్షన్‌గా మార్చారు. ఆ తెల్లని రంగు నూనె బిందువులది. 1986లో బ్రిటన్‌లో డిప్రివాన్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది, 1989లో అమెరికా అనుమతి దొరికింది. 2018లో గ్లెన్‌కు వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ఆ నూనే ఇంకో సమస్య తెచ్చింది. బ్యాక్టీరియాకు అది మంచి ఆహారం. 1990 నుంచి 1993 మధ్య అమెరికాలో 7 ఆసుపత్రుల్లో ఆపరేషన్ల తర్వాత ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి. అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు వెతికితే మందు తయారీలో తప్పు దొరకలేదు. సిబ్బంది ఒకే వయల్‌ను (మందు సీసాను) చాలామందికి వాడటం, సిరంజిలు ముందే నింపి గంటల తరబడి ఉంచడం, ఒకే సిరంజిని మళ్లీ వాడటం బయటపడ్డాయి. తర్వాత 1996లో అక్కడ డిప్రివాన్‌లో బ్యాక్టీరియా పెరుగుదలను మందగింపజేసే ఈడీటీఏ చేర్చారు. మేం ఫ్యాక్టరీలో ఎంత శుభ్రంగా చేసినా, సీలు తెరిచాక అంతా వాడే చేతుల మీదే ఆధారపడుతుంది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ కొంచెం ఆందోళనగానే ఉంటుంది.

ఎండోస్కోపీ_సిస్టర్ (బుధవారం, మధ్యాహ్నం 3:40)

ఫార్మా అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా గదిలో ఒక వయల్ ఒక పేషెంటుకే. మిగిలితే పారబోస్తాం. మిగిలిన మందు వృథా కదా అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు, వాళ్లకు ఈ ఇన్‌ఫెక్షన్ల కథే చెబుతాను. రబ్బరు మూత స్పిరిట్‌తో తుడవాలి, సిరంజి మీద పేరు, టైము రాయాలి, లేబుల్‌ను బట్టి 6 గంటలో 12 గంటలో దాటితే తీసేయాలి.

పద్మజా, మంట గురించి శ్రీను గారు చెప్పారు కదా. చేతి వెనక ఉన్న సన్న నరంలో ఎక్కువ మండుతుంది. మోచేతి దగ్గర పెద్ద నరంలో పెట్టినా, ముందు కొంచెం లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు ఇచ్చినా బాగా తగ్గుతుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంకో మాట, ఇది నా మనసులో ఉన్న మాట. పరగడుపు గురించి అబద్ధం చెప్పకండి. మామూలు తేలిక టిఫిన్‌కు 6 గంటలు, నూనె వస్తువులు, మాంసం తింటే 8 గంటలు, మంచినీళ్లలాంటి పలుచని ద్రవాలకు 2 గంటలు. విరేచనాల మందు తాగే టైము మాత్రం డాక్టర్ చెప్పినట్టే పాటించాలి. పాల టీ పలుచని ద్రవం కిందికి రాదు. "పాపం పెద్దామె, ఒక్క గుక్క చాయ్ తాగితే ఏమవుతుంది" అని తోడొచ్చినవాళ్లు బయట తాగించి లోపల ఏమీ తాగలేదంటారు. మత్తులో గొంతు కాపలా పనిచేయదు. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. తాగిస్తే తాగించామని చెప్పండి, టైము వెనక్కి జరుపుతాం, అంతే. ఎవరూ తిట్టరు.

మాదాపూర్_నైట్‌షిఫ్ట్ (బుధవారం, రాత్రి 11:55)

నేను ఏళ్లుగా నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను. నిద్ర పూర్తిగా పోయింది. మాత్రలు పనిచేయడం లేదు. ఎండోస్కోపీ అప్పుడు ఈ మందు ఇచ్చారు, లేచాక ఎన్నేళ్లకో హాయిగా నిద్రపోయినట్టు అనిపించింది. నిద్ర కోసం దీన్ని ఇచ్చే డాక్టర్లు సిటీలో ఎవరైనా ఉన్నారా?

మత్తుడాక్టర్_తార్నాక (గురువారం, ఉదయం 6:05)

తమ్ముడూ, లేచాక హాయిగా అనిపించడం నిజమే, చాలామంది అలాగే చెబుతారు. కానీ అది నిద్ర కాదు. సహజ నిద్రలో దశలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ మందు ఇచ్చే స్పృహ లేని స్థితి దానికి బదులు కాదు. నిద్ర కోసం దీన్ని ఇస్తామన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల దగ్గరికి అస్సలు వెళ్లకండి. ఒంటరిగా దీన్ని తీసుకుని చనిపోయినవాళ్లలో మా రంగంలోని వైద్య సిబ్బంది కూడా ఉన్నారు, మోతాదు తెలిసినవాళ్లే. ఊపిరి ఆగితే చూసే మనిషి లేకపోవడం వల్ల చనిపోయారు. దుర్వినియోగం పెరిగిందని దక్షిణ కొరియా 2011లో దీన్ని నియంత్రిత మందుల జాబితాలో పెట్టింది.

మీ బాధ చిన్నది కాదు. నిద్రలేమికి మందులు లేని చికిత్స ఉంది. ఆలోచనలను, పడుకునే అలవాట్లను మార్చే సీబీటీ పద్ధతిని చాలా దేశాల్లో మొదటి చికిత్సగా సిఫారసు చేస్తారు. సైకియాట్రిస్టును గానీ నిద్ర సమస్యలు చూసే డాక్టర్‌ను గానీ కలవండి. మనసు మరీ భారంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. నాకు విడిగా మెసేజ్ పెట్టినా సరే.

మోడరేటర్ (గురువారం, ఉదయం 9:00)

మందు ఎక్కడ దొరుకుతుంది, ఎంత మోతాదు అన్న ప్రశ్నలు ఈ వేదిక మీద పెట్టవద్దని మనవి. నైట్‌షిఫ్ట్ గారి పోస్టు తీసేయడం లేదు, డాక్టర్ గారి జవాబు ఇలాంటి అవస్థలో ఉన్న ఇంకొకరికి ఉపయోగపడుతుంది.

నాగోల్_పద్మజ (గురువారం, సాయంత్రం 5:20)

ఇవాళ ఆసుపత్రికి వెళ్లి మత్తు డాక్టర్ గారిని కలిశాం. పీజీ గారు చెప్పిన ప్రశ్న అడిగాను. పరీక్ష చేసేది గ్యాస్ట్రో డాక్టర్, మత్తు ఇచ్చి పక్కనే ఉండేది తనే అని ఆవిడ చెప్పారు. కాప్నోగ్రఫీ ఉందట, అమ్మను లోపలికి తీసుకెళ్లి తెర కూడా చూపించారు. అమ్మ మెడ చుట్టుకొలత కొలిచారు, నోరు తెరిపించి చూశారు, గురక గురించి నేను చెప్పింది రాసుకున్నారు. షుగర్ మాత్రల పేర్లు చూసి డాపాగ్లిఫ్లోజిన్ రేపటి నుంచే ఆపమన్నారు. మిగతావి పరీక్ష రోజు ఉదయం వేసుకోవద్దన్నారు, బీపీ మాత్రల్లో ఒకటి మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోమన్నారు. ఆ ఒక్క షుగర్ మాత్రే ఎందుకు ముందుగా ఆపాలి?

మత్తుపీజీ (గురువారం, సాయంత్రం 6:45)

మంచి డాక్టర్ దగ్గరికే వెళ్లారు మేడమ్. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి చక్కెరను మూత్రంలో పంపేస్తాయి. తిండి లేకుండా, విరేచనాలతో నీరు తగ్గినప్పుడు అవి ఒంట్లో ఉంటే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పెరిగిపోవచ్చు. మోసం ఎక్కడంటే షుగర్ అంకె మామూలుగానే కనిపిస్తుంది. అందుకే కనీసం 3 రోజుల ముందు ఆపమంటారు.

ఇది చదువుతున్న ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని చెబుతున్నా. షుగర్ కోసం గానీ బరువు తగ్గడానికి గానీ వారానికోసారి సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వాటివల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పరగడుపున ఉన్నా లోపల తిండి మిగిలి ఉండొచ్చు. బరువు కోసం తీసుకునేవాళ్లు మొహమాటంతో దాస్తున్నారు, దయచేసి దాచకండి. మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి కూడా, డాక్టర్‌ను అడిగే ఆపాలి.

వనస్థలిపురం_లత (శుక్రవారం, ఉదయం 10:10)

నాది కొంచెం వేరే ప్రశ్న. మా బాబాయి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. ఈ తెల్ల మందే పంపుతో రోజంతా ఎక్కిస్తున్నారు. నిన్న మూత్రం ఆకుపచ్చగా వచ్చింది. పిన్ని చూసి ఏడుస్తోంది. మందు వల్లేనా?

మత్తుడాక్టర్_తార్నాక (శుక్రవారం, మధ్యాహ్నం 1:30)

లత గారూ, ప్రొపోఫాల్ వల్ల కొందరిలో మూత్రం ఆకుపచ్చగా రావడం ఉంది. అరుదు, దానికదే హాని చేయదు, మందు ఆపాక పోతుంది. పిన్ని గారికి ఆ మాట చెప్పండి. అయితే ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా రంగు మారొచ్చు కాబట్టి ఐసీయూ డాక్టర్లతో ఒక మాట అనండి.

ఐసీయూలో దీన్ని రోజుల తరబడి ఇచ్చేటప్పుడు చూసుకోవాల్సినవి వేరు. ఎక్కువ వేగంతో 48 గంటలు దాటి నడిస్తే అరుదుగా ఒక ప్రమాదకరమైన స్థితి వస్తుంది. రక్తంలో ఆమ్లం పెరగడం, కండరాలు దెబ్బతినడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. గంటకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు దాటకుండా చూడమనేది అందుకే. మందులో నూనె ఉంటుంది కాబట్టి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు కూడా పరీక్షిస్తారు. ప్రతి మిల్లీలీటరుకు 1.1 కిలోక్యాలరీల లెక్కన శక్తి వెళ్తుంది, డైటీషియన్ దాన్ని గొట్టం ద్వారా ఇచ్చే ఆహారంలోంచి తగ్గిస్తారు. "ఎన్ని రోజులుగా నడుస్తోంది, ట్రైగ్లిజరైడ్లు చూశారా" అని మీరు మర్యాదగా అడగవచ్చు. ఇంటివాళ్లు అలా అడిగితే నాకైతే గౌరవమే కలుగుతుంది.

టోలిచౌకి_ఇమ్రాన్ (శుక్రవారం, రాత్రి 9:25)

డాక్టర్ గారూ, ఇన్ని రోజులు మందే తప్పు అనుకున్నాను. మా అక్కకు ఇదంతా చదివి వినిపించాను. వచ్చే నెల ఆమెకు పిత్తాశయం రాళ్ల ఆపరేషన్ ఉంది, మత్తు అంటేనే వద్దంటోంది. ఆమె కోసం ముందే మత్తు డాక్టర్‌ను కలిసి మాట్లాడతాను. బావమరిది పాత కాగితాలు కూడా తీసుకెళ్లాలా?

మత్తుడాక్టర్_తార్నాక (శుక్రవారం, రాత్రి 10:40)

ఇమ్రాన్ గారూ, తీసుకెళ్లండి. మీ అక్క ఆయనకు రక్తసంబంధీకురాలేనా అన్నది కూడా చెప్పండి. మత్తు మందుల్లో కొన్నింటికి వచ్చే అరుదైన రియాక్షన్లు కుటుంబంలో నడుస్తాయి, మేం అది తప్పక అడుగుతాం. మీరు చెప్పినదాన్ని బట్టి ఆయనది ఊపిరిని గమనించకపోవడం వల్ల జరిగినట్టుంది. అయినా కాగితాలు చూసిన డాక్టర్ మాటే మీ అక్కకు ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

ఎల్బీనగర్_అమ్ము (శనివారం, ఉదయం 8:15)

మా పాపకు నాలుగేళ్లు. మూర్ఛ వస్తోందని మెదడుకు ఎమ్మారై రాశారు. కదలకుండా ఉండటానికి ఇదే మందు ఇస్తారట. చిన్నపిల్లల మెదడుకు ఏమైనా అవుతుందేమోనని భయం. బాబుకు ఏడు నెలలు, నా పాలు తాగుతాడు. నాకు కూడా త్వరలో ఎండోస్కోపీ ఉంది. మత్తు తర్వాత పాలు పిండి పారబోయాలా?

మత్తుడాక్టర్_తార్నాక (శనివారం, మధ్యాహ్నం 12:50)

అమ్మా, ముందు మీ విషయం. పారబోయనక్కర్లేదు. పాలలోకి వెళ్లే మందు చాలా తక్కువ. పూర్తిగా మెలకువ వచ్చి, బిడ్డను గట్టిగా పట్టుకునే ఓపిక రాగానే పాలివ్వొచ్చు. మొదటిసారి పక్కన ఎవరినైనా ఉంచుకోండి.

పాప గురించి. మూడేళ్లలోపు పిల్లల్లో మత్తు 3 గంటలు దాటినా, పదేపదే ఇచ్చినా జాగ్రత్త అవసరమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. ఒక్కసారి, తక్కువసేపు ఇచ్చే మత్తు వల్ల హాని జరగకపోవచ్చని అదే హెచ్చరికలో ఉంది. మీ పాప ఆ వయసు దాటింది, స్కాన్ కూడా అంతసేపు పట్టదు. మూర్ఛకు కారణం తెలియకుండా ఉండటమే ఆమెకు ఎక్కువ నష్టం. మూర్ఛ మందు మాత్రం ఆ రోజు కూడా మానకుండా వేయాలి, ఎలా వేయాలో అడగండి. ఎమ్మారై గదిలో మామూలు మానిటర్లు పనికిరావు, అయస్కాంతానికి తట్టుకునేవి వేరే ఉంటాయి, అవి ఉన్నాయా అని కనుక్కోండి. పిల్లలకు మత్తు ఇచ్చే అలవాటున్న డాక్టర్ ఉండాలి. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి. జలుబు చేసిన పిల్లల్లో మత్తు సమయంలో గొంతు బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ, అత్యవసరం కాకపోతే కొన్ని వారాలు వాయిదా వేస్తాం.

ఎల్బీనగర్_అమ్ము (శనివారం, మధ్యాహ్నం 1:05)

పాపకు నిన్నటి నుంచి ముక్కు కారుతోంది డాక్టర్ గారూ. స్కాన్ మంగళవారం. ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నాను.